మామయ్య చదివి చెప్పిన మార్కులు

నాకు ఇరవై ఒకటి వచ్చిందని చెప్పింది మా మామయ్య.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మెడికల్ స్కూల్లో సీటు కోసం రాసే ఎంక్యాట్ పరీక్ష రాసి నెల దాటింది. ఫలితాలు ఆన్‌లైన్‌లో పెట్టే రోజున నేను కెనడాలోని మిస్సిసాగాలో ఒక ఆసుపత్రిలో, ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. లోపల నాన్న వెంటిలేటర్ మీద ఉన్నాడు. నా ఫోన్‌లో ఇంటర్నెట్ లేదు. ఉన్నా చూసే ధైర్యం లేదు.

మామయ్య అంటే మా మేనత్త భర్త. ఫ్యామిలీ డాక్టరు. మా చుట్టాల్లో కెనడాకి మొదట వచ్చింది ఆయనే. నాకు పద్నాలుగేళ్లప్పుడు మమ్మల్ని కాకినాడ నుంచి తీసుకొచ్చి, ఇల్లు చూసిపెట్టి, చర్చిలో అందరికీ పరిచయం చేసింది కూడా ఆయనే. మా ఇంట్లో ఏ కాగితం వచ్చినా ముందు ఆయన చదవాలి. ఆ రోజు కూడా అంతే. "పాస్‌వర్డ్ చెప్పు అమ్మాయ్, ఇంటికెళ్లి చూసి ఫోన్ చేస్తా" అన్నాడు. చెప్పాను.

సాయంత్రం ఫోన్ చేశాడు. "ఇరవై ఒకటి వచ్చింది. నలభై ఐదుకి. దీంతో ఎక్కడా ఇంటర్వ్యూకి కూడా పిలవరు. ఇప్పుడు దాని గురించి ఆలోచించకు, నాన్న సంగతి చూడు."

నమ్మాను. నమ్మకపోవడానికి కారణం ఏముంది? పరీక్షకి రెండు రోజుల ముందే నాన్నకి మొదటిసారి స్ట్రోక్ వచ్చింది. నేను రాయనంటే, వంకరపోయిన నోటితోనే "వెళ్లు" అన్నాడు. వెళ్లి ఏం రాశానో నాకే తెలియలేదు. ఇరవై ఒకటి అనగానే, అంతే వచ్చి ఉంటుంది అనుకున్నాను. తర్వాత ఒక్కసారి కూడా లాగిన్ అయి చూసుకోలేదా అని ఇప్పుడు నన్ను అడుగుతారు. లేదు. ఫెయిలయిన పేపరుని మళ్లీ మళ్లీ తెరిచి చూసుకునే రకం మనిషిని కాను. అదీగాక మూడు వారాలకి నాన్న పోయాడు. ఇక ఆ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది?

కానీ నాన్న పోకముందే ఇంకొకటి జరిగింది. మార్కులు తెలిసిన ఆ వారమే, శనివారం, మామయ్య ఇంటి బేస్‌మెంట్‌లో నాన్న స్వస్థత కోసం ప్రార్థన కూడిక పెట్టారు. నలభై మంది దాకా వచ్చారు. ప్రార్థన అంశాలు చదివేది ఎప్పుడూ మామయ్యే. నాన్న పేరు చదివాడు. ఎవరిదో ఉద్యోగం, ఎవరిదో వీసా చదివాడు. ఆ తర్వాత కళ్లజోడు సర్దుకుని నా వైపు తిరిగాడు.

"మన అమ్మాయికి ఎంక్యాట్‌లో ఇరవై ఒకటే వచ్చింది. పాపం, చాలా ఆశ పెట్టుకుంది. దేవుడు ఆమెకి వేరే దారి చూపించాలని అందరం ప్రార్థన చేద్దాం."

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నాతో ట్యూషన్‌కి వచ్చిన అమ్మాయిలు, వాళ్ల అమ్మలు, కాలేజీలో నా వెనక కూర్చునేవాళ్లు, అందరూ తలలు వంచి నా మార్కుల గురించి దేవుడికి చెప్పుకుంటున్నారు. ఆ తలలన్నీ నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. చివర్లో అమ్మ కూడా ఆమెన్ అంది.

వేరే దారి ఆయనే చూపించాడు. నాన్న సమాధి అయిన వారానికి ఒక కాలేజీ పుస్తకం తెచ్చి ఇచ్చాడు. రెస్పిరేటరీ థెరపిస్ట్ కోర్సు. ఊపిరి అందని మనుషుల దగ్గర నిలబడి, వెంటిలేటర్లు పెట్టి, వాటిని చూసుకునే పని. "మూడేళ్లలో ఉద్యోగం. మీ అమ్మకి నువ్వే దిక్కు" అన్నాడు. చేరాను. పని నాకు నచ్చింది కూడా. ఉద్యోగం వచ్చిన రోజు ఆయనకి థాంక్యూ కార్డు రాశాను. 'మీరు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో' అని నా చేత్తో, తెలుగులో రాశాను. ఈ కథలో నేను క్షమించలేని వాక్యం అదొకటి.

పదహారేళ్లు గడిచాయి. ఏ పెళ్లిలోనైనా, ఏ పుట్టినరోజులోనైనా ఎవరి పిల్లలో మెడిసిన్ అంటే చాలు, మామయ్య నన్ను చూపించేవాడు. "మా అమ్మాయిని చూడండి. ఇరవై ఒకటి వస్తే కుంగిపోయిందా? తన లెవెల్ తెలుసుకుని సెటిలైంది." నా పెళ్లిలో స్టేజీ ఎక్కి కూడా ఇదే చెప్పాడు. కరీంనగర్ నుంచి వచ్చిన మా అత్తగారివాళ్లకి ఆ ఇరవై ఒకటి ఏమిటో అర్థం కాక, శుభసంఖ్య అనుకుని చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. అప్పటికి ఆ అంకె నా ఒంటి మీద పుట్టుమచ్చలా అయిపోయింది.

మా ఆసుపత్రిలో ప్రతి జూలైలో శిక్షణ కోసం కొత్త రెసిడెంట్ డాక్టర్లు వస్తారు. వాళ్లకి వెంటిలేటర్ సెట్టింగులు నేర్పేది మేమే. ప్రతి ఏడూ వాళ్లు ఇంకా చిన్నవాళ్లయిపోతున్నట్టు ఉండేది. నాకు ముప్పై ఎనిమిది వచ్చిన ఏడాది, నేను రెండు నెలలు పక్కన నిలబడి నేర్పిన ఒకబ్బాయి ఏడాది తిరగకుండానే నాకు ఆర్డర్లు రాశాడు. మర్యాదగానే రాశాడు. వాటిల్లో ఒకటి తప్పు. చెప్పాను, దిద్దుకున్నాడు, థాంక్స్ కూడా చెప్పాడు. ఆ రోజు కారులో కూర్చుని స్టీరింగ్ పట్టుకుని, 'ఇక చాలు' అని పైకే అన్నాను.

మళ్లీ ఎంక్యాట్‌కి చదివాను. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా పాప స్విమ్మింగ్ క్లాసులో ఉన్నప్పుడు పార్కింగ్‌లో చదివాను, లైబ్రరీలో చదివాను, ఆదివారం చర్చి అయ్యాక పొట్టలో నొప్పి అని భోజనాలు ఎగ్గొట్టి చదివాను. నేను ప్రశ్నలు రాసుకున్న అట్టముక్కలు పట్టుకుని పాప నన్ను అడిగేది. తప్పు చెప్తే "మామ్, దట్స్ రాంగ్ ఎగెయిన్" అని జాలి లేకుండా అనేది. ఇప్పుడు పరీక్ష మారిపోయింది, మార్కులు వేసే పద్ధతీ మారింది. ఐదువందల ఇరవై ఎనిమిదికి నాకు ఐదువందల పదిహేడు వచ్చింది. ఈసారి నేనే చూసుకున్నాను.

అప్పుడు మొదలైంది పాత మార్కుల సమస్య.

నేను అప్లై చేసే స్కూళ్లన్నీ ఐదేళ్ల లోపు మార్కులే చూస్తాయి. కానీ ఒక ఫారంలో చివర ఒక ఖాళీ ఉంది. మీ గత చదువు గురించి, పరీక్షల గురించి చెప్పదలచుకున్నది ఏదైనా ఉంటే రాయండి, తప్పనిసరి కాదు అని. అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. ఫోన్ ఎత్తినావిడ ఓపిగ్గా చెప్పింది: పాతది మేము అడగం, అడిగినచోట దాచకండి, అడగనిచోట చెప్పాలో వద్దో మీ ఇష్టం.

నా ఇష్టం అనేసరికి నాకు మంట లేచింది. రాయాలి అనిపించింది. ఇరవై ఒకటి దగ్గర అందరూ నన్ను పాతిపెట్టారు, చూడండి ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చానో అని చెప్పాలి. ఆ ఖాళీలో మామయ్యని నిలబెట్టాలి. కూర్చుని ఒక్క పూటలో రెండు పేజీలు రాశాను. బేస్‌మెంట్, ప్రార్థన, పెళ్లి స్టేజీ అన్నీ రాశాను.

మా ఆయన చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇది అప్లికేషన్ కాదు. పోలీస్ కంప్లైంట్."

"నిజమే కదా రాశాను."

"నిజమే గానీ, వాళ్లకు మీ మామయ్యతోని ఏం పని? సీటు నీకు గావాల్నా, ఆయనకు శిక్ష గావాల్నా?"

"రెండూ కావాలి."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

మా ఐసీయూలో పెద్ద డాక్టరు ఒకావిడ ఉంది. నాకు సిఫారసు ఉత్తరం రాసింది ఆవిడే. ఆవిడా రాయొద్దనే అంది. పదహారేళ్ల కిందటి కాగితం, ఎవరూ అడగలేదు, నువ్వెందుకు తవ్వుతావు అని. ఒకవేళ రాయాలనుకుంటే మాత్రం ఏ సెక్షన్‌లో ఎంతో కచ్చితంగా రాయి, గుర్తున్నంతలో రాయకు అని చెప్పింది.

నాకు ఏ సెక్షన్ మార్కూ తెలియదు. నేను ఎప్పుడూ చూడలేదు కదా. పరీక్ష పెట్టేవాళ్లు పాత మార్కులు భద్రపరిచి ఉంచుతారట. ఫారం నింపి, ఐడీలు పంపి, పాత రిపోర్టు అడిగాను. కేవలం కక్షతో అడిగాను. ఆ ఇరవై ఒకటిని కాగితం మీద చూసి, పక్కన ఐదువందల పదిహేడు పెట్టుకుని మురిసిపోవాలని.

రెండు వారాలకి ఈమెయిల్ వచ్చింది. మధ్యాహ్నం, ఆసుపత్రి స్టాఫ్ రూములో, పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని తెరిచాను.

ఫిజికల్ సైన్సెస్ పదకొండు. బయాలజీ పదకొండు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే సెక్షన్ ఎనిమిది. మొత్తం ముప్పై.

వేరేవాళ్లది పంపారనుకున్నాను. పేరు నాదే. పుట్టినరోజు నాదే. పరీక్ష రాసిన తేదీ, నాన్నకి స్ట్రోక్ వచ్చిన రెండు రోజులకి. మళ్లీ కలిపి చూశాను. పదకొండూ పదకొండూ ఎనిమిది. వేళ్ల మీద లెక్కపెట్టాను. ముప్పై.

ముప్పై అంటే ఆ రోజుల్లో గొప్ప మార్కు కాదు. ఆ ఎనిమిది వల్ల కొన్ని స్కూళ్లు తీసుకునేవి కావు, నాకు తెలుసు. కానీ అది తలుపు మూసేసే మార్కు కాదు. ఇంకొక్కసారి రాస్తే చాలు అనిపించే మార్కు. ఎవరైనా నాకు ముప్పై అని చెప్పి ఉంటే, నాన్న పోయాక ఏడాది ఆగి మళ్లీ రాసేదాన్ని. అది నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు.

అన్నం డబ్బా మూత పెట్టేసి మళ్లీ డ్యూటీలోకి వెళ్లాను. ఆ రోజు ఒక్క సెట్టింగు కూడా తప్పు పెట్టలేదు. కోపం అంత చల్లగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. "కళ్లు సరిగ్గా కనబడక తప్పు చదివాడేమో" అంది.

"ఇక్కడే పదిహేడేళ్లు డాక్టరు చేసినాయన అమ్మా అప్పటికి. మందుల చీటీ తప్పు చదివాడా ఎప్పుడైనా?"

"ఇప్పుడు ముసలాడైపోయాడే. వదిలెయ్. దేవుడు చూసుకుంటాడు."

"దేవుడికి ఈ విషయం ముందు చెప్పింది ఆయనే. ఈసారి నేను చూసుకుంటాను."

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లాను. డెబ్భై దాటినా వారానికి రెండు రోజులు క్లినిక్‌కి వెళ్తున్నాడు. అత్తయ్య వంటింట్లో ఉంది. నేను ఆయన చదువుకునే గదిలోకి వెళ్లి, తలుపు కొంచెం తెరిచే ఉంచి, రిపోర్టు ఆయన ముందు పెట్టాను.

చదివాడు. కళ్లజోడు తీశాడు. "ఎక్కడిది ఇది?"

"వాళ్లే పంపారు మామయ్యా. మీరు చూసిందీ ఇదే కదా?"

"అప్పుడు ఏం చూశానో, ఎన్నేళ్లయిందో..."

"ఇరవై ఒకటి అని మీకు బాగానే గుర్తుంది. నా పెళ్లిలో చెప్పారు. పోయిన క్రిస్మస్‌కి చెప్పారు. ముప్పై ఎలా మర్చిపోయారు?"

ఆయన తలుపు వైపు చూశాడు. "మెల్లగా మాట్లాడు. మీ అత్తయ్య వింటుంది."

ఆ మాటతో నాకు తెలిసిపోయింది. ఆయన ఒప్పుకున్నట్టే.

"ఎందుకు?" అన్నాను.

"మీ నాన్న అలా పడుకుని ఉన్నాడు. లేవడని నాకు తెలుసు, మీకు చెప్పలేదు. మీ అమ్మకి ఇంగ్లీషు రాదు. నువ్వు ఇంకో పదేళ్లు చదువుతూ కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు? నీ మంచికే చెప్పా."

"నా మంచికైతే నాకు చెప్పి ఊరుకోవాలి. నలభై మందికి ఎందుకు చెప్పారు?"

ఆయన రిపోర్టుని బల్ల మీద బోర్లా తిప్పాడు.

ఆ ఏడాదే ఆయన కొడుకు కూడా ఎంక్యాట్ రాశాడు. తర్వాత విదేశంలో చదివి, ఇప్పుడు డాక్టరు. అతని మీద నాకేమీ లేదు. "మీ వాడికి ఆ ఏడాది ఎంత వచ్చింది మామయ్యా?"

కళ్లజోడు కాళ్లు మడుస్తూ, తెరుస్తూ కూర్చున్నాడు. "ఇరవై ఏడు" అన్నాడు.

అంతే. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆయన ఏడుస్తాడేమో అని చూశాను. ఏడవాలని కోరుకున్నాను కూడా. ఏడవలేదు. "ఇప్పుడు నన్నేం చేయమంటావ్?" అన్నాడు, పేషెంట్‌ని అడిగినట్టు.

"లెటర్ రాయండి. యూనివర్సిటీకి. నేను పాత మార్కులు రిపోర్ట్ చేస్తున్నాను. ఇన్నేళ్లు ఎందుకు మళ్లీ రాయలేదో వాళ్లకి చెప్పాలి. అది మీరే చెప్పాలి."

"నా లైసెన్స్ ఏమవుతుంది?"

"నాకు తెలీదు మామయ్యా. రాయనంటే చెప్పండి, అత్తయ్యని పిలిచి ముందు ఆవిడకి చదివి వినిపిస్తా."

కంప్యూటర్ తెరిచాడు. రెండు వేళ్లతో టైపు చేశాడు. తన భార్య మేనకోడలి ఫలితాన్ని ఆమె నమ్మి పాస్‌వర్డ్ ఇస్తే చూశానని, ముప్పై వస్తే ఇరవై ఒకటి అని పొరపాటున చెప్పానని రాశాడు.

"పొరపాటున తీసేయండి."

"అమ్మాయ్..."

"కావాలని అని రాయండి."

రాశాడు. ప్రింట్ తీసి సంతకం పెట్టాడు. అప్పుడే అత్తయ్య టీ, అరిసెలు తెచ్చి, "ఏంటి, రికమెండేషన్ లెటరా? మా అమ్మాయి డాక్టర్ అవుతుందా?" అని సంబరపడింది. "అవునత్తయ్యా, మామయ్యే రాసిచ్చారు" అన్నాను. అరిసె తిన్నాను. చాలా బాగుంది.

ఆ ఉత్తరం నేను ఎవరికీ పంపలేదు.

పంపాలనే వెళ్లాను. కానీ ఇంటికి వచ్చి ఆ ఫారంలోని ఖాళీ ముందు కూర్చుంటే ఒకటి అర్థమైంది. ముప్పై అని రాస్తే వివరణ రాయాలి. వివరణ రాస్తే మామయ్య వస్తాడు. నా అప్లికేషన్‌లో నాన్నకి చోటుంది, నా పేషెంట్లకి చోటుంది, మా పాప అట్టముక్కలకి కూడా చోటుంది. ఆయనకి ఒక్క వాక్యం కూడా ఇవ్వబుద్ధి కాలేదు. ఖాళీని ఖాళీగానే వదిలి సబ్మిట్ చేశాను. నా వయసులో అప్లై చేసేవాళ్లు పాత మార్కులు చెప్పాలా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: అడిగితే దాచొద్దు, అడగకపోతే వదిలేయండి. కానీ ఒక్కసారి తెప్పించుకుని మీ కళ్లతో చూసుకోండి.

మామయ్యకి మాత్రం పంపానని చెప్పాను.

పది రోజులకొకసారి ఫోన్ చేసేవాడు. ముందు అమ్మ ఆరోగ్యం అడిగేవాడు, తర్వాత వాతావరణం, ఆఖర్న గొంతు తగ్గించి, "వాళ్లేమైనా అన్నారా?"

"ఇంకా ఏం లేదు మామయ్యా. ఫైల్ చూస్తున్నారట."

క్లినిక్‌కి వెళ్లడం మానేశాడు. కూడికల్లో ప్రార్థన అంశాలు చదవనని, గొంతు బాగోలేదని కాగితం వేరేవాళ్లకి ఇచ్చేశాడు. పోస్టు వచ్చే వేళకి గుమ్మం దగ్గర నిలబడుతున్నాడట. అత్తయ్య మా ఇంటికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏమైందే ఆయనకి? నీతో అయినా చెప్పాడా?"

"నాకేం తెలుసు అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఏ తప్పూ చేయలేదు. అది నాకు తెలుసు. అయినా అన్నాను.

ఇంటర్వ్యూకి పిలిచారు. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు అని అడిగారు, నలభై ఏళ్లకి మొదటి ఏడాదిలో కూర్చోగలరా అని అడిగారు. వెంటిలేటర్ తీసేసే ముందు కుటుంబంతో ఎలా మాట్లాడతానో అడిగారు. దానికి చాలా సేపు జవాబు చెప్పాను. పాత పరీక్ష ఊసే ఎవరూ ఎత్తలేదు. మొదట వెయిటింగ్ లిస్టులో పెట్టారు. జూన్‌లో సీటు వచ్చింది. పాప ఫ్రిజ్ మీద 'మై మామ్ ఈజ్ ఎ ఫ్రెష్‌మన్' అని కాగితం అతికించింది.

"ఇప్పుడన్నా చెప్పు ఆయనకు. సీటొచ్చింది గదా" అన్నాడు మా ఆయన. అమ్మ అయితే రోజూ అడుగుతోంది. పాపం తగులుతుందే అంటుంది.

సీటు వచ్చిందని తెలిసిన రోజే మామయ్య ఫోన్ చేశాడు. కంగ్రాచ్యులేషన్స్ అన్నాడు. గొంతులో నిజంగానే సంతోషం ఉంది, అది ఒప్పుకోవాలి. తర్వాత, "మరి ఆ లెటర్... ఇక అవసరం లేదు కదా వాళ్లకి. తీసేస్తారా?" అన్నాడు.

"చదువు అయ్యేదాకా ఫైల్లోనే ఉంచుతారట మామయ్యా."

"ఎన్నేళ్లు?"

"నాలుగు."

ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఊపిరి తీసుకోవడం వినబడుతూనే ఉంది.

ఇప్పుడు నేను మొదటి ఏడాది రెండో టర్మ్‌లో ఉన్నాను. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయికి ఇరవై రెండేళ్లు. నన్ను చూసి ముందు ప్రొఫెసర్ అనుకుంది. ఆయనకి నిజం చెప్పాలని ఒక్కోసారి అనిపిస్తుంది, ముఖ్యంగా అత్తయ్య గొంతు విన్నప్పుడు. ఫోన్ చేతిలోకి తీసుకుంటాను కూడా. అప్పుడు ఆ వంచిన తలలు వరసగా గుర్తొస్తాయి. ఫోన్ పక్కన పెట్టి అనాటమీ పుస్తకం తెరుస్తాను.